పిడుదు జాతి తెలిస్తేనే జ్వరం జాడ

పశువుల చెవుల్లో, గంగడోలు మడతల్లో, పొదుగు చుట్టూ, తోక మొదట్లో కరుచుకుని రక్తం తాగే పిడుదులను తెలుగు పల్లెల్లో గోమార్లని కూడా అంటారు. ఇవి కీటకాలు కావు, సాలీళ్లకూ తేళ్లకూ చుట్టాలు. ప్రపంచంలో దాదాపు 900 జాతులుంటే, భారతదేశంలో వందకు పైగా నమోదయ్యాయి. చూపుకు అన్నీ ఒకటిగానే కనిపిస్తాయి. కానీ ఏ జాతి ఎక్కడ బతుకుతుంది, ఏ జంతువును పట్టుకుంటుంది, ఏ సూక్ష్మజీవిని మోస్తుంది అనేవి చాలావరకు ఆ జాతికే ప్రత్యేకం. పడమటి కనుమల్లో కోతి జ్వరాన్ని మోసే పిడుదు పాడి ఆవుకు థైలేరియా జ్వరాన్ని అంటించదు. కుక్క చెవిలో కనిపించే గోధుమరంగు పిడుదుకూ గుజరాత్‌లో ప్రాణాలు తీసిన రక్తస్రావ జ్వరానికీ సంబంధం లేదు. అందువల్ల ఒక జ్వరం ఎక్కడెక్కడికి పాకుతోందో తెలుసుకోవాలంటే దాన్ని మోసే పిడుదు ఏ జాతిదో ముందు తేలాలి.

పిడుదు జీవితంలో నాలుగు దశలు: గుడ్డు, లార్వా, నింఫ్, ప్రౌఢ దశ. లార్వాకు ఆరు కాళ్లు, నింఫ్‌కూ ప్రౌఢ పిడుదుకూ ఎనిమిది. ప్రతి దశలోనూ ఒక్కసారి కడుపునిండా రక్తం తాగితేనే తర్వాతి దశకు పోగలదు. ఆ మూడు భోజనాలూ ఒకే పశువు మీద జరుగుతాయా, వేర్వేరు జంతువుల మీద జరుగుతాయా అన్నదాన్ని బట్టి వీటిని ఏక అతిథేయి, ద్వి అతిథేయి, త్రి అతిథేయి పిడుదులుగా విభజించారు. పశువుల మీద అతి మామూలుగా కనిపించే రిపిసెఫాలస్ మైక్రోప్లస్ లార్వాగా ఎక్కిన పశువు మీదే సుమారు మూడు వారాలు గడిపి, కడుపునిండిన ఆడదిగా నేలకు రాలి, రెండు మూడు వేల గుడ్లు పెట్టి చనిపోతుంది. అడవి పిడుదులైన హీమాఫైసాలిస్, ఇక్సోడెస్ ప్రజాతులవి మూడు వేర్వేరు జంతువుల మీద బతుకుతాయి. లార్వా దశలో ఎలుక నుంచో చుంచు నుంచో తీసుకున్న సూక్ష్మజీవిని నింఫ్ దశలో మనిషికి అందించగలిగేది ఈ త్రి అతిథేయి రకమే.

ఈ తేడా ఎంత ముఖ్యమో మొదట బయటపెట్టింది అమెరికా పశువుల రోగం. పంతొమ్మిదో శతాబ్దంలో టెక్సాస్ నుంచి ఉత్తరాదికి తోలుకొచ్చిన మందలు ఆరోగ్యంగానే ఉండేవి. అవి నడిచిన దారిలో మేసిన ఉత్తరాది పశువులు మాత్రం ఎర్రటి మూత్రంతో, తీవ్ర జ్వరంతో గుంపులు గుంపులుగా చచ్చేవి. పిడుదులే కారణమని పశువుల కాపరులు చాలాకాలంగా చెబుతున్నా పండితులు పట్టించుకోలేదు. థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడ్ కిల్బోర్న్ 1889 నుంచి కంచెలు కట్టిన పొలాల్లో వరుసగా ప్రయోగాలు చేసి, రోగకారకం బబీసియా బైజెమినా అనే ఏకకణ పరాన్నజీవి అనీ, దాన్ని చేరవేసేది పిడుదే అనీ 1893లో ప్రకటించారు. పిడుదు జీవితచక్రాన్ని విప్పి చెప్పినవాడు కూపర్ కర్టిస్. జీవితమంతా ఒకే పశువు మీద గడిపే పిడుదు మరో పశువుకు రోగం ఎలా అంటిస్తుందన్న చిక్కుముడి కూడా అప్పుడే వీడింది. పరాన్నజీవి తల్లి నుంచి గుడ్లలోకి, గుడ్ల నుంచి లార్వాల్లోకి చేరుతుంది. ఏకకణ పరాన్నజీవి రోగమొకటి రక్తం తాగే చిరుజీవి ద్వారా వ్యాపిస్తుందని రుజువు కావడం అదే మొదటిసారి. రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది ఆ తర్వాత నాలుగేళ్లకు, 1897 ఆగస్టు 20న. దోమ కథ ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది. అంతకు ముందే తేలిన పిడుదు కథకు మన పుస్తకాల్లో రావలసినంత చోటు రాలేదు. వాహక జాతి ఏదో స్పష్టంగా తెలిసింది కనుకనే అమెరికా 1906లో ఆ పిడుదుల నిర్మూలనకు పూనుకొని 1943 నాటికి దాదాపు దేశమంతటా వాటిని తుడిచిపెట్టగలిగింది. మెక్సికో సరిహద్దున టెక్సాస్ అంచులో మాత్రం నిఘా పట్టీ ఈనాటికీ ఉంది.

జాతి గుర్తింపుకు ప్రధాన సాధనం ఇప్పటికీ సూక్ష్మదర్శినే. మొదట చూసేది వీపు మీది గట్టి పెంకు. అది ఉంటే గట్టి పిడుదు, లేకపోతే మెత్తని పిడుదు. కోళ్ల గూళ్ల సందుల్లో దాగి రాత్రిపూట రక్తం తాగే ఆర్గాస్ పెర్సికస్ రెండో కుటుంబానిది. దాని నోటిభాగం పొట్ట కింద ఉంటుంది కనుక పైనుంచి చూస్తే కనిపించదు. గట్టి పిడుదుల్లో మగదానికి పెంకు వీపంతా కప్పుతుంది, ఆడదానికి ముందు భాగంలోనే ఉంటుంది. అందుకే ఆడది రక్తం తాగి చిక్కుడు గింజంత ఉబ్బగలదు. తర్వాత మలద్వారం దగ్గరి గాడి చూడాలి. అది మలద్వారానికి ముందు వైపు వంపు తిరిగి ఉంటే ఇక్సోడెస్, వెనక ఉంటే మిగతావి. కళ్లు లేకుండా, నోటి పక్కనుండే స్పర్శాంగాల రెండో కణుపు పక్కకు పొడుచుకొచ్చి ఉంటే హీమాఫైసాలిస్. స్పర్శాంగాలు పొడవుగా ఉండి, కాళ్ల మీద తెలుపు, గోధుమరంగు పట్టీలు కనిపిస్తే హయలోమ్మా. తల ఆధారభాగం ఆరు మూలలుగా ఉంటే రిపిసెఫాలస్. పెంకు మీద రంగుల నగిషీ ఉంటే యాంబ్లియోమ్మా, డెర్మాసెంటర్ ప్రజాతుల వైపు చూడాలి.

ప్రజాతి దాకా రావడం ఓపికున్న విద్యార్థికి సాధ్యమే. అక్కడి నుంచి జాతిని తేల్చడమే కష్టం. రక్తం తాగి ఉబ్బిన ఆడదాని శరీరంలో గుర్తులు సాగి చెదిరిపోతాయి. కంగారులో పీకినప్పుడు నోటిభాగం చర్మంలోనే విరిగిపోతే సగం ఆధారం పోయినట్టే. లార్వా, నింఫ్ దశలకు చాలా భారతీయ జాతుల విషయంలో సరైన గుర్తింపు పట్టికలే కరవు. మనిషిని ఎక్కువగా కరిచేది నింఫ్ దశే కావడం వల్ల ఈ లోటు చిన్నది కాదు.

పేర్లు కూడా స్థిరంగా నిలవలేదు. తరతరాల పశువైద్య విద్యార్థులు బూఫిలస్ అని చదువుకున్న ప్రజాతి ఈ శతాబ్దం మొదట్లో రిపిసెఫాలస్‌లో కలిసిపోయింది. ఆసియాకు చెందిన రిపిసెఫాలస్ మైక్రోప్లస్ 1872లో జావా నుంచి వచ్చిన పశువులతో ఆస్ట్రేలియాలోని డార్విన్ రేవులో దిగిందని నమ్ముతూ వచ్చారు. అక్కడున్నది వేరే జాతి అని 2012లో తేల్చి, రిపిసెఫాలస్ ఆస్ట్రాలిస్ అనే పాత పేరును తిరిగి నిలబెట్టారు. అమెరికాలో దీనికి తలకిందులుగా జరిగింది. లైమ్ వ్యాధిని మోసే ఈశాన్య ప్రాంతపు పిడుదును 1979లో ఇక్సోడెస్ డమ్మినై అనే కొత్త జాతిగా ప్రకటించారు. దక్షిణాది ఇక్సోడెస్ స్కాపులారిస్, ఇదీ ఒకటేనని 1993లో తేలింది. మరి దక్షిణాన లైమ్ వ్యాధి ఎందుకంత తక్కువ? అక్కడి నింఫ్‌లు ఎక్కువగా బల్లి జాతుల మీద బతుకుతూ, ఎండుటాకుల అడుగునే ఉండిపోయి మనుషులకు అంతగా తగలవు. జాతి పేరు అవసరమే కానీ, ఆ జాతి ఆ చోట ఎలా మసలుతుందో తెలియకుండా పేరు ఒక్కటే జ్వరాల పటాన్ని నింపలేదు.

గుర్తింపులో పొరపాటు ఖరీదు ఎంతో చెప్పడానికి హీమాఫైసాలిస్ లాంజికార్నిస్ చాలు. తూర్పు ఆసియాకు చెందిన ఈ పిడుదు 2017లో అమెరికాలోని న్యూజెర్సీలో ఒక గొర్రె మీద గుంపుగా కనిపించినప్పుడు కొత్తగా వచ్చిందనుకున్నారు. భద్రపరిచిన పాత నమూనాలను మళ్లీ పరీక్షిస్తే, 2010లోనే వెస్ట్ వర్జీనియాలో ఒక జింక మీద దొరికిన పిడుదు ఇదేనని బయటపడింది. స్థానిక జాతిగా పొరబడి పక్కన పెట్టేయడంతో ఏడేళ్లు గడిచిపోయాయి. మగది లేకుండానే పిల్లలను కనగల జాతి కనుక ఒక్క ఆడది చాలు, కొత్త ఊళ్లో స్థిరపడటానికి. ఇది మోసే థైలేరియా ఓరియంటాలిస్ వర్జీనియా పశువుల్లో ఆ తర్వాత బయటపడింది. నమూనాను పారేయకుండా దాచి ఉంచడం వల్లే ఆ తప్పు దిద్దుకోగలిగారు.

సూక్ష్మదర్శిని చెప్పలేని చోట డీఎన్‌ఏ సాయపడుతుంది. మైటోకాండ్రియాలోని ఒకటి రెండు జన్యువుల వరుసను చదివి, జన్యు భాండాగారంలో ఉన్నవాటితో పోల్చి జాతిని చెప్పవచ్చు. విరిగిన కాలు, లార్వా, ఉబ్బిన ఆడది, ఏదైనా సరే. ప్రోటీన్ల నమూనాను బట్టి నిమిషాల్లో జాతిని చెప్పే మాల్డీ టాఫ్ యంత్రాలు కూడా ఉన్నాయి. అయితే భాండాగారంలో మొదట పేరు పెట్టి చేర్చిన నమూనా తప్పుగా గుర్తించినదైతే, దానితో పోలిన ప్రతి కొత్త నమూనా ఆ తప్పునే మోస్తుంది. పిడుదులను కంటితో చూసి పేరు చెప్పగల నిపుణుల అవసరం డీఎన్‌ఏ వచ్చాక తగ్గలేదు, పెరిగింది. అలాంటి నిపుణులు మాత్రం తగ్గిపోతున్నారు.

భారతదేశంలో పిడుదు జ్వరాల చరిత్రకు కేంద్రం క్యాసనూర్ అడవి. 1957 మొదట్లో నాటి మైసూరు రాష్ట్రం షిమోగా జిల్లా సొరబ తాలూకాలోని ఆ అడవుల్లో కొండముచ్చులు, కోతులు చచ్చిపడుతున్నాయనీ, పక్క ఊళ్లలో జనం తీవ్ర జ్వరంతో, ఒంటినొప్పులతో, రక్తస్రావంతో పడిపోతున్నారనీ వార్తలొచ్చాయి. రాక్‌ఫెలర్ ఫౌండేషన్ సాయంతో 1952లో పూనాలో ఏర్పడిన వైరస్ పరిశోధన కేంద్రం బృందాన్ని పంపింది. కోతులు చావడం చూసి, భారత్‌లో ఎన్నడూ లేని పచ్చ జ్వరం అడుగుపెట్టిందేమోనని భయపడ్డారు. దొరికిన వైరస్ మాత్రం రష్యా అడవుల్లో పిడుదులు మోసే మెదడువాపు వైరస్‌కు దగ్గరిదని తేలింది. అంటే దోమల కోసం కాదు, పిడుదుల కోసం వెతకాలి. ఆ అడవుల్లో ఎన్ని రకాల పిడుదులున్నాయో అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదు. పిడుదుల వర్గీకరణలో ప్రపంచ ప్రసిద్ధుడైన హ్యారీ హూగ్‌స్ట్రాల్, పూనా కేంద్రంలోని హెరాల్డ్ ట్రాపిడో, వారి భారతీయ సహచరులు కలిసి భారతీయ హీమాఫైసాలిస్‌లను ఒక్కొక్కటిగా వేరుచేశారు. హీమాఫైసాలిస్ క్యాసనూరెన్సిస్ అనే కొత్త జాతి 1964లో అలాగే పేరు పొందింది. ఇన్ని జాతుల మధ్య ప్రధాన వాహకంగా తేలింది హీమాఫైసాలిస్ స్పినిజెరా.

ఆ జాతి తేలాకే జ్వరం కాలపట్టిక అర్థమైంది. వానలు వెనకబట్టాక లార్వాలు పుడతాయి, చలికాలం నుంచి ఎండాకాలం దాకా నింఫ్‌లు ఎండుటాకుల మధ్య కాచుకుని ఉంటాయి. కట్టెలకూ ఆకులకూ, పశువుల వెంటా జనం అడవిలోకి వెళ్లేదీ అప్పుడే. అందుకే కేసులు డిసెంబరులో మొదలై మే వరకు సాగుతాయి. ప్రౌఢ పిడుదులు పశువుల మీద ఎక్కువగా బతుకుతాయి. పశువులు వైరస్‌ను పెంచకపోయినా పిడుదులను పెంచి అడవి అంచున వదులుతాయి. కోతి చస్తే దాని ఒంటిమీది పిడుదులు కిందికి దిగి ఆ నేలనే ప్రమాదకరంగా మారుస్తాయి. కనుక కళేబరం దొరికిన చోట చుట్టూ మందు చల్లడం, అటువైపు జనం పోకుండా చూడటం అక్కడి పద్ధతి. కన్నడంలో దీన్ని కోతి జబ్బు అనే అర్థంలో మంగన కాయిలె అంటారు. ఒకరి నుంచి ఒకరికి సోకదు. సోకినవారిలో నూటికి ముగ్గురి నుంచి ఐదుగురి దాకా మరణిస్తారని సాధారణ అంచనా.

చాలా ఏళ్లు ఇది షిమోగా, ఆ చుట్టుపక్కల జిల్లాల రోగంగానే పేరుపడింది. 2012 చివర్లో బందీపూర్ పులుల అభయారణ్యంలో చచ్చిన కోతులను తాకిన అటవీ సిబ్బందికి జ్వరం రావడంతో ఆ భావన చెదిరింది. తర్వాత తమిళనాడులో నీలగిరి, కేరళలో వయనాడ్, 2015లో గోవా, 2016లో మహారాష్ట్ర సింధుదుర్గ్ జిల్లా దోడామార్గ్ ప్రాంతం వరుసగా పటంలోకి వచ్చాయి. జీడిమామిడి తోటల్లో పనిచేసే కూలీలు అక్కడ ఎక్కువగా పడిపోయారు. వైరస్ కొత్తగా అక్కడికి నడిచి వెళ్లిందా, లేక ఎప్పటినుంచో ఉండి పరీక్షలు మెరుగయ్యాక కనపడిందా అన్నది తేలికగా తేలే ప్రశ్న కాదు. వాహక పిడుదు మాత్రం పడమటి కనుమల పొడవునా ముందునుంచీ ఉంది. ఆ ఒక్క సంగతినే పట్టుకుని కనుమల పొడవునా ఏటా కోతుల మరణాలనూ పిడుదులనూ పరీక్షించి ఉంటే, వయనాడ్‌లోనో గోవాలోనో మొదటి హెచ్చరిక మనుషుల జబ్బుతో వచ్చేది కాదు. 1990 నుంచి వాడిన టీకా చాలినంత రక్షణ ఇవ్వడం లేదని 2022లో ఆపేశారు. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌తో కలిసి భారత వైద్య పరిశోధన మండలి కొత్త టీకా పని చేపట్టింది.

కోతి జ్వరంలో కోతి ముందే చచ్చి హెచ్చరిస్తుంది. క్రిమియన్ కాంగో రక్తస్రావ జ్వరంలో అలాంటి హెచ్చరిక ఉండదు. వైరస్ సోకిన ఆవుకూ మేకకూ ఏమీ కాదు, మనిషికి మాత్రం ప్రాణాంతకం. 1944లో క్రిమియాలో, 1956లో కాంగోలో వేర్వేరుగా కనిపించిన జ్వరాలు రెండూ ఒకటేనని తర్వాత తేలి ఈ జంట పేరు స్థిరపడింది. భారత్‌లో ఇది 2011 జనవరిలో అహ్మదాబాద్ జిల్లాలో బయటపడి, రోగితో పాటు చికిత్స చేసిన వైద్య సిబ్బంది ప్రాణాలు కూడా తీసింది. తర్వాత గుజరాత్‌లోనూ రాజస్థాన్‌లోనూ పలుమార్లు కనిపించింది. వాహకం హయలోమ్మా అనటోలికం. ఈ పిడుదు వాహకంగా తేలడంతోనే వెతికే పద్ధతి మారాలి. అడవి గడ్డి మీద తెల్లని ఫ్లానెల్ గుడ్డ ఈడ్చి, దానికి పట్టుకున్న పిడుదులను ఏరడం ప్రపంచమంతటా వాడే పద్ధతి. గడ్డి కొసన కాళ్లు చాచి కాచుకుని ఉండే జాతులకు అది సరిపోతుంది. హయలోమ్మాలు చాలావరకు వేటాడే రకం. పశువు అలికిడి, వాసన తగలగానే పరుగెత్తుకొస్తాయి. కొట్టం గోడల పగుళ్లలో, రాళ్ల సందుల్లో దాగుతాయి. గుడ్డ ఈడ్చి ఒక్కటీ దొరకలేదని ఆ ఊళ్లో పిడుదులు లేవనుకుంటే తప్పు. పశువు ఒంటికి మాత్రమే మందు పూసి గోడలను వదిలేసినా అంతే. ఐరోపాలో ఇదే ప్రజాతికి చెందిన హయలోమ్మా మార్జినేటం వలసపక్షుల ఒంటిమీద ఉత్తరానికి ప్రయాణిస్తుంది. 2018 వేడి వేసవిలో జర్మనీ, స్వీడన్ దాకా ప్రౌఢ పిడుదులు కనిపించాయి. స్పెయిన్‌లో మనుషులకు ఈ జ్వరం 2016లో బయటపడింది.

తెలుగు రాష్ట్రాల రైతుకు నిత్యం నష్టం తెచ్చేవి మాత్రం పశువుల జ్వరాలే. హయలోమ్మా మోసే థైలేరియా యాన్యులేటా, రిపిసెఫాలస్ మైక్రోప్లస్ మోసే బబీసియా, అనాప్లాస్మాలు పాలిచ్చే సంకర జాతి ఆవులను బాగా దెబ్బతీస్తాయి. లింఫు గ్రంథుల వాపు, ఎడతెగని జ్వరం ఉంటే థైలేరియా, ఎర్రటి మూత్రం ఉంటే బబీసియా అని అనుమానిస్తారు. రక్తపు పూత పరీక్షతోనే ఖాయం చేయాలి, ఎందుకంటే ఒకదానికి వాడే మందు మరొకదానికి పనిచేయదు. థైలేరియాకు హైదరాబాద్‌లోనే తయారైన టీకా ఉంది. నాటు పశువులు పిడుదులను చాలావరకు తట్టుకుంటాయి. ఒంగోలు జాతి బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో అంతగా విస్తరించడానికి ఎండతో పాటు పిడుదులను ఓర్చుకునే గుణమూ కారణమే. జెర్సీ, హోల్‌స్టీన్ రక్తం పెరిగేకొద్దీ ఆ ఓర్పు తగ్గుతుంది. ఒకే మందు పదేపదే వాడటం వల్ల సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్‌లకు లొంగని పిడుదులు దేశంలో చాలాచోట్ల తయారయ్యాయి.

శ్రీకాకుళం పక్కనే ఉన్న గంజాం జిల్లాలో 1950ల మధ్యలో మేకల మీది హీమాఫైసాలిస్ ఇంటర్మీడియా పిడుదుల నుంచి ఒక వైరస్‌ను వేరుచేసి గంజాం వైరస్ అని పేరు పెట్టారు. ఆఫ్రికాలో గొర్రెలను చంపే నైరోబీ వైరస్, ఇదీ ఒకటేనని తర్వాత గుర్తించారు. ఇంత దగ్గర దొరికిన వైరస్ గురించి తెలుగు గొర్రెల కాపరులకు ఎవరూ చెప్పినట్టు లేదు.

మనుషుల్లో పిడుదు జ్వరాన్ని పోల్చుకోవడంలో మరో చిక్కు ఉంది. పిడుదులు మోసే రికెట్సియా కొనోరై వల్ల వచ్చే ఇండియన్ టిక్ టైఫస్, రెండు రాష్ట్రాల్లోనూ కనిపించే స్క్రబ్ టైఫస్ పైకి ఒకేలా మొదలవుతాయి. స్క్రబ్ టైఫస్‌ను మోసేది పిడుదు కాదు, కంటికి ఆనని చిగ్గర్ అనే మైట్ లార్వా. రెంటికీ డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది కనుక రోగి బతుకుతాడు. వైద్యుడు తేడా రాయకపోతే పటం మాత్రం తప్పుతుంది.

ఆ పటాన్ని ఎలా గీయాలో అమెరికా అనుభవం కొంత నేర్పుతుంది. 1975లో కనెటికట్‌లోని లైమ్ పట్టణంలో పిల్లల కీళ్లవాపుల మీద ఇద్దరు తల్లులు పట్టుబట్టి అధికారులను కదిలించడంతో ఆ వ్యాధి కథ మొదలైంది. 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ పిడుదు కడుపులో రోగకారక సూక్ష్మజీవిని చూశాడు. ఏటా సుమారు 4,76,000 మందికి అక్కడ ఈ వ్యాధికి చికిత్స జరుగుతుందని అంచనా. తెలుగువారు పెద్దసంఖ్యలో ఉండే న్యూజెర్సీ, పెన్సిల్వేనియాలు దాని ముఖ్యస్థానాలే. అక్కడ ఒక కౌంటీలో ఒకే ఏడాదిలో కనీసం ఆరు పిడుదులు గానీ, రెండు జీవితదశలవి గానీ దొరికితేనే ఆ జాతి స్థిరపడినట్టు లెక్కిస్తారు. అంతకు తక్కువైతే కనిపించినట్టు మాత్రమే రాస్తారు. 1998లో 30 శాతం కౌంటీల్లో నమోదైన ఇక్సోడెస్ స్కాపులారిస్ 2015 నాటికి 45 శాతం దాటింది. ఇందులో కొంత నిజమైన విస్తరణ, కొంత వెతికే చేతులు పెరగడం. ఏ పిడుదు పటంలోనైనా ఖాళీగా ఉన్న చోటును పిడుదు లేని చోటని కాక, ఇంకా వెతకని చోటని చదవడమే క్షేమం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఇలాంటి పటం వేయడానికి కొత్త వ్యవస్థ అక్కర్లేదు. తిరుపతి, హైదరాబాద్ పశువైద్య విశ్వవిద్యాలయాల్లో పరాన్నజీవి శాస్త్ర విభాగాలున్నాయి, మండలాల్లో పశువైద్యశాలలున్నాయి. పిడుదులు ఊరు మారేది పశువులతోనే కనుక వారపు పశువుల సంతలే మొదటి కాపలా స్థలాలు కావాలి. ఏడాదిలో మూడు కాలాల్లో అక్కడ పిడుదులను ఏరి, జాతి తేల్చి, నమూనాలు దాచి, ఆ వివరాలను పశుసంవర్ధక శాఖ వైద్య ఆరోగ్య శాఖతో పంచుకోవాలి. మనిషి మరణించాక మొదలయ్యే వెతుకులాట పడమటి కనుమల్లో ఎంత ఆలస్యమైందో చూశాక కూడా వేచి ఉండటం తప్పు.

పశువుల కాపరులు పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. పిడుదును వేళ్లతో నలపకూడదు, రాయితో చిదపకూడదు. దాని రక్తం చేతి గాయానికి తగిలినా వైరస్ సోకవచ్చు. ఒంటికి పట్టిన పిడుదు మీద కిరోసిన్ పోయకుండా, నిప్పు పెట్టకుండా సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. తీసినదాన్ని స్పిరిట్ ఉన్న చిన్న సీసాలో వేసి, తేదీ, ఊరు, ఏ పశువు మీద దొరికిందో చీటీ మీద పెన్సిలుతో రాసి లోపలే ఉంచాలి, సిరా అయితే స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఆ సీసాను దగ్గరి పశువైద్యశాలకు ఇవ్వండి. రెండు వారాల లోపల జ్వరం వస్తే పిడుదు కరిచిన సంగతి డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.